అడగండి చెబుతా: కౌంటీ మీటింగులో అర్జీ పెట్టుకోవచ్చా?

ప్రశ్న: మాది ఒంగోలు. రిటైరయ్యాక నేనూ మా ఆవిడా గ్రీన్ కార్డు మీద కాలిఫోర్నియాలో అమ్మాయి దగ్గరే ఉంటున్నాం. సాయంత్రాలు గుడికి నడిచి వెళ్తాం. దారిలో ఆరు లేన్ల రోడ్డు. మోకాళ్ళ నొప్పులతో మా ఆవిడ రోడ్డు మధ్యకు చేరేసరికే సిగ్నల్లో అంకెలు అయిపోతున్నాయి. కౌంటీ (మన జిల్లాలాంటిది) మీటింగులో ఎవరైనా మాట్లాడవచ్చటగా? మాకు పౌరసత్వం లేదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. 'ఎందుకొచ్చిన గొడవ మావయ్యగారూ' అంటాడు అల్లుడు. మన దగ్గరైతే సోమవారం కలెక్టరేట్‌కు వెళ్ళి అర్జీ ఇచ్చి రసీదు తెచ్చుకునేవాణ్ణి.

జవాబు: నిక్షేపంగా మాట్లాడవచ్చు బాబాయిగారూ. అక్కడ 1953లో వచ్చిన బ్రౌన్ యాక్ట్ అనే బహిరంగ సమావేశాల చట్టం ఆ హక్కు ప్రజలందరికీ ఇచ్చింది, పౌరులకే అనలేదు. పేరు రాస్తేనే లోపలికి రానిస్తామనకూడదు. మీరు తెలుగులో చెబుతుంటే మనవరాలు ఇంగ్లీషు చేస్తుందనుకోండి, మామూలుగా మీకు రెట్టింపు టైమివ్వాలి. అసలు ఒక్కొక్కరికి ఇచ్చే టైమే రెండు మూడు నిమిషాలు, జనం ఎక్కువైతే ఒక్క నిమిషమే అంటారు. అందుకని కాగితం మీద రాసుకుని వెళ్ళండి.

కాకపోతే, మీరు మాట్లాడాక ఐదుగురు సూపర్‌వైజర్లూ (కౌంటీ బోర్డుకు ఎన్నికైన సభ్యులు) ఉలకరు పలకరు. 'థాంక్యూ' అని తర్వాతి పేరు పిలుస్తారు. మనవాళ్ళు చాలామంది అక్కడే చిన్నబుచ్చుకుని మళ్ళీ ఆ గడప తొక్కరు. అది నిర్లక్ష్యం కాదండీ. మామూలు మీటింగుకు 72 గంటల ముందే ఎజెండా బయట పెట్టాలి. అందులో లేని విషయం మీద చర్చకు దిగడానికీ, నిర్ణయం చెయ్యడానికీ చట్టం ఒప్పుకోదు. మహా అయితే సిబ్బందికి అప్పజెబుతారు.

అందుకే మీ పని రోడ్ల శాఖ దగ్గర మొదలుపెట్టండి. ముందు ఆ రోడ్డు ఎవరిదో కనుక్కోండి. శాంటా క్లారా కౌంటీలో లారెన్స్, శాన్ టోమాస్ లాంటి ఎక్స్‌ప్రెస్‌వేలు ఊళ్ళ మధ్య నుంచి పోతున్నా కౌంటీవే. ఊళ్ళో మామూలు వీధులు సిటీవి. సిటీ రోడ్డు గురించి సూపర్‌వైజర్లకు మొరపెట్టుకుంటే పక్క జిల్లా కలెక్టరుకు అర్జీ ఇచ్చినట్టే.

ఆ తర్వాత ఉత్తరం. 'పెద్దవాళ్ళం, ఇబ్బందిగా ఉంది' అని ఊరుకుంటే అయ్యోపాపం అని ఫైల్లో పెట్టేస్తారు. లెక్క రాయండి. రోడ్డు దాటే టైమును మామూలుగా సెకనుకు 3.5 అడుగుల నడకతో కడతారు. వృద్ధులూ వికలాంగులూ తరచూ దాటేచోట 2.8 అడుగుల దాకా తగ్గించి చూడాలని కాలిఫోర్నియా సిగ్నళ్ళ మాన్యువల్లోనే ఉంది. మీ రోడ్డు 110 అడుగులనుకుంటే 31 సెకన్లు కాస్తా 39 అవుతాయి. పిన్నిగారికి కావలసింది ఆ ఎనిమిదే కదా! ఏ కూడలి, ఏ వైపు, ఏ వేళ, గుడికి వచ్చే పెద్దవాళ్ళు సుమారు ఎందరు అన్నవి కూడా రాసి ట్రాఫిక్ ఇంజినీరుకు ఈమెయిలు చెయ్యండి, నకలు మీ సూపర్‌వైజరు ఆఫీసుకు. మీ రసీదు అదే. నెలరోజులకూ కదలిక లేకపోతే అప్పుడు మీటింగుకు వెళ్ళి, ఉత్తరం తేదీతో సహా చదివి వినిపించండి. కారు మాత్రం అల్లుడిగారినే నడపనివ్వండి, ఆయన భయం సగం అక్కడే పోతుంది.

ఒక్క జాగ్రత్త. అలాంటి చోట్ల ఎవరైనా ఓటరు ఫారం చేతికిస్తే దణ్ణం పెట్టి వచ్చేయండి. గ్రీన్ కార్డు మీద ఓటరుగా నమోదైతే ఇమ్మిగ్రేషన్‌లో పెద్ద చిక్కు.

ప్రశ్న: నేను హెచ్-1బీ మీద కాలిఫోర్నియాలోనే ఉన్నాను. కౌంటీ కమిషన్లో (బోర్డుకు సలహాలిచ్చే సంఘంలో) చేరవచ్చా?

జవాబు: చేరవచ్చమ్మా. నియమించే పదవులకు పౌరసత్వంతో పనిలేదని 2019లో ఆ రాష్ట్రం చట్టం చేసింది. వచ్చే ఏడాది ఖాళీ అయ్యే సీట్ల జాబితా ఏటా డిసెంబరు 31లోగా తయారు చెయ్యాలి, బోర్డు క్లర్కును అడుగు. కొన్ని కమిషన్లు మీటింగుకింత అని భత్యం ఇస్తాయి. నీ వీసాకు అది ఇబ్బందవుతుందేమో లాయర్ని అడిగాకే దరఖాస్తు పెట్టు.