మీ డాబా మీద పొదిగినా ఆ చిలుకలు మీవి కావు

ప్రశ్న: మాది గాజువాక. 12 ఏళ్ల కిందట తిరునాళ్లలో రెండు అలెగ్జాండ్రిన్ చిలుక పిల్లల్ని కొన్నాం. డాబా మీద జాలీ గది కట్టి పెంచితే ఇప్పుడు 11 అయ్యాయి. అబ్బాయి విదేశం వెళ్లాక మా ఆవిడకి అవే పిల్లలు. జాతి తగ్గిపోతోంది కాబట్టి కొన్నింటిని కంబాలకొండలో వదలాలని నా కోరిక. అటవీశాఖ వాళ్లు వచ్చి పంచనామా రాశారు. నేను అంతా చెప్పి సంతకం పెట్టాను. పక్షుల్ని నాకే అప్పగించి బాండు తీసుకున్నారు. హర్యానాలోని పింజోర్‌లో ప్రభుత్వమే రాబందుల్ని పెంచుతుంటే నాది నేరమెలా అవుతుంది? ఇన్నేళ్ల తర్వాత కేసు చెల్లుతుందా? రాత్రికి రాత్రే వదిలేయమని మిత్రులు అంటున్నారు.

జవాబు: మీ కేసు తేలేది ఒక్క చోట. ఆ మొదటి జంట ఎక్కడిది? దానికి కాగితం ఉందా? తిరునాళ్లలో కొన్నామని మీరే రాశారు. మన దేశపు చిలుకలకు చట్టబద్ధమైన అమ్మకమే లేదు కాబట్టి దానికి రసీదు ఉండే అవకాశమూ లేదు. అలెగ్జాండ్రిన్ చిలుక వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 రెండో షెడ్యూల్లో ఉంది. సెక్షన్ 39 ప్రకారం చట్టానికి విరుద్ధంగా ఉంచుకున్న వన్యప్రాణే కాదు, అలా బందీగా ఉంచి పిల్లలు చేయించినదీ రాష్ట్ర ప్రభుత్వ ఆస్తే. ‘మా ఇంట్లోనే పుట్టాయి’ అన్న వాదన అక్కడితో ఆగిపోతుంది. పక్షులు మీ దగ్గర దొరికాయని తేలితే చాలు, సెక్షన్ 57 కింద అది అక్రమమనే కోర్టు అనుకుంటుంది. కాదని రుజువు చేయాల్సింది మీరే.

కాలపరిమితి మీద ఆశ పెట్టుకోకండి. మూడేళ్ల వరకు శిక్ష పడే నేరాలకు బీఎన్ఎస్ఎస్ (సీఆర్పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 514 మూడేళ్ల గడువు పెట్టిన మాట నిజం. కానీ పక్షి మీ పంజరంలో ఉన్నంత కాలం నేరం సాగుతున్నట్టే లెక్క. సెక్షన్ 518 ప్రకారం ఆ గడువు ప్రతి క్షణమూ కొత్తగా మొదలవుతుంది. మీ లెక్క 12 ఏళ్ల నాటి కొనుగోలు దగ్గర మొదలైంది. కోర్టు చూసేది పంచనామా రోజును.

ఇక సంతకం సంగతి. ఎవరినీ అడక్కుండా, చదవకుండా వాంగ్మూలం మీద సంతకం పెట్టడం పెద్ద పొరపాటు. పోలీసుల ముందు చెప్పినది సాక్ష్యంగా చెల్లదన్న ధీమా ఇక్కడ పనికిరాదు. అసిస్టెంట్ కన్జర్వేటర్ స్థాయికి తగ్గని, అధికారం పొందిన అధికారి వన్యప్రాణి చట్టం సెక్షన్ 50(8) కింద మీ సమక్షంలో నమోదు చేసిన సాక్ష్యాన్ని విచారణలో వాడుకోవచ్చు. కాబట్టి నమోదు చేసింది ఎవరు, ఏ హోదాలో అన్నది ముందు కనుక్కోండి. నకలు అడిగి తెచ్చుకోండి.

రాత్రిపూట వదిలేయడం మాత్రం చేయకండి. మీ బాండు, అడిగినప్పుడు పక్షుల్ని మెజిస్ట్రేట్ ముందు హాజరుపరుస్తానన్న హామీ. వదిలేస్తే దాన్ని తప్పినవారవుతారు, సాక్ష్యం మాయం చేశారన్న ఆరోపణ పైన పడుతుంది. పక్షులకూ అది ప్రాణాంతకం. చేతి తిండికి అలవాటుపడ్డ చిలుకకు మేత వెతుక్కోవడం, డేగను చూసి దాక్కోవడం తెలియవు. పంజరంలో పట్టిన జబ్బు అడవి చిలుకలకు అంటుకోవచ్చు కూడా.

మీ పింజోర్ ప్రశ్నకు గట్టిగానే జవాబు చెప్పాలి, ఎందుకంటే బందీగా పెంచి జాతిని నిలపడాన్ని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. అక్కడ బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ హర్యానా అటవీశాఖతో కలిసి పనిచేస్తోంది. రాబందుల్ని చంపుతున్న నొప్పి మందు డైక్లోఫెనాక్‌ను పశువుల వైద్యంలో 2006లో నిషేధించారు. చావుకు కారణం తొలగించకుండా వదిలితే పెంచిన పక్షీ చచ్చేదే. మన రోళ్లపాడు బట్టమేక పిట్ట కోసం రాజస్థాన్‌లో 2019 నుంచి గుడ్లు సేకరించి పొదిగిస్తున్నదీ అనుమతులతోనే. ఏ పక్షి ఏ జంటకు పుట్టిందో రాసి ఉంచకపోతే దగ్గరి రక్తంలోనే జతకట్టి సంతతి బలహీనపడుతుంది. మీ రెండు పిల్లలూ ఒకే గూటివి కావని చెప్పగలరా? జాతి రక్షణ కోసం పెంచే కేంద్రం కూడా చట్టం దృష్టిలో ‘జూ’యే. కేంద్ర జూ అథారిటీ గుర్తింపు లేకుండా నడపకూడదు.

చేయాల్సింది ఇది. పక్షుల్ని ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాలకో, శాఖ చెప్పిన రక్షణ కేంద్రానికో తరలించమని డివిజనల్ అటవీ అధికారికి (డీఎఫ్ఓ) రాతపూర్వకంగా కోరండి, రసీదు ముద్ర వేయించుకోండి. పశువైద్యుడి ధ్రువపత్రం, ఫొటోలు, పిల్లలు పుట్టిన తేదీలు జతచేయండి. అవి మిమ్మల్ని నిర్దోషిగా తేల్చవు గాని, వ్యాపారం చేయలేదనడానికి పనికొస్తాయి. తర్వాత వన్యప్రాణి చట్టం సెక్షన్ 54 కింద రాజీకి, అంటే డబ్బు కట్టి కేసు ముగించుకోవడానికి, దరఖాస్తు పెట్టండి. ఒప్పుకోవడం అధికారి విచక్షణ. 2022 సవరణ తర్వాత రాజీ మొత్తం 5 లక్షల దాకా ఉండొచ్చు. రాజీ కుదిరినా పక్షులు తిరిగి రావు, ప్రభుత్వ ఆస్తిని వెనక్కివ్వరు. మీ ఆవిడకు ఈ మాట ఇప్పుడే చెప్పండి.

ఇంట్లో విదేశీ చిలుకలు కూడా ఉంటే అది వేరే లెక్క. బడ్జీలు, కాకటీల్‌లకు ఇబ్బంది లేదు. ఆఫ్రికన్ గ్రే, సన్ కన్యూర్ వంటివి నాలుగో షెడ్యూల్లోవి, అంటే అంతర్జాతీయ ఒప్పందం (సైటిస్) కింద రక్షణ ఉన్న జాతులు. 2024 నియమాల ప్రకారం వాటిని కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్లో నమోదు చేయాలి, ఆఫ్రికన్ గ్రేని పెంచి పిల్లలు చేయించాలంటే లైసెన్సు కూడా తీసుకోవాలి. అలాంటివి ఉంటే, డీఎఫ్ఓకు వినతి ఇచ్చే ముందే మీ న్యాయవాదికి చెప్పండి.