అలమర సర్దే ముందు ఇది చదువు పాపా

పాపా,

తిరుపతి బైరాగిపట్టెడ ఇంట్లో పడకగది అలమర మొత్తం దించేసి కొత్తగా సర్దబోతున్నావని నిన్న రాత్రి మీ నాయన ఫోన్ చేసి చెప్పాడు. ఒకప్పుడు స్కూల్ బ్యాగు నడింట్లో విసిరేసి ఆటకు పోయే పిల్లవి, నీకు ఈ బుద్ధి పుట్టిందంటే సంతోషం వేసింది. కానీ గాలి పీల్చేసే ప్లాస్టిక్ సంచులు తెప్పిస్తున్నావనీ, పట్టుచీరలన్నీ వాటిలో కుక్కి కింది అరలోకి తోసేస్తావనీ అన్నాడు చూడు, అప్పటినుంచీ నాకు నిద్ర లేదు. ఫోన్లో చెబితే "సరే పెదనాయనా, సరే" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా.

అన్నీ దించు, దుమ్ము దులుపు, ఏడాదిగా కట్టనివి పక్కన పెట్టు. ఇవి నీకు తెలిసినవే.

హ్యాంగర్ల సంగతి మాత్రం విను. మీది గోడలో కట్టిన కడప బండల అలమర, లోతు 16 అంగుళాలేనని మీ నాయన చెప్పాడు. హ్యాంగరే 17 అంగుళాల దాకా ఉంటుంది, అడ్డంగా తగిలిస్తే తలుపు మూసుకోదు. కమ్మీ కోసం బండ పగలగొడదామా అనుకుంటావేమో, అద్దె ఇల్లమ్మా అది, అడ్వాన్సు గుర్తుపెట్టుకో. మడతే నీకు దారి. గాంధీ రోడ్డులో బట్టల అంగట్లో 31 ఏళ్లు చీరలు మడిచినవాణ్ణి, ఈ ఒక్క విషయంలో నా మాట విను. 9 అంగుళాల వెడల్పున ఒక అట్టముక్క కత్తిరించుకుని, చీరయినా చుడీదారయినా ఆ కొలతకే మడువు. మూడడుగుల అరలో సరిగ్గా నాలుగు వరసలు పడతాయి. రోజూ కట్టే నూలు బట్టల్ని ఒకదానిమీద ఒకటి పేర్చకుండా పుస్తకాల్లా నిలబెట్టు, అప్పుడు అడుగునున్నది లాగితే పైవి కూలవు. అరకీ అరకీ మధ్య ఎత్తు ఎక్కువుంటే పైన సగం ఊరికే పోతుంది. పొట్టి కాళ్ల స్టాండు ఒకటి లోపల పెడితే ఒక అర రెండు అవుతుంది.

ఇక పట్టుచీరల మాట. నవ్వకుండా చదువు.

మీ పెద్దమ్మ పెళ్లిచీర కంచిది, నెమలి కంఠం రంగు. మా మామగారు కంచికి పోయి తెచ్చారు. చీరకొనే ప్రతి ఆడకూతురికీ "ప్లాస్టిక్ కవర్లో పెట్టొద్దమ్మా, కలరా ఉండలు జరీకి తగలనీయొద్దు" అని రోజుకు యాభైసార్లు చెప్పేవాణ్ణి. ఇంటికొచ్చి నేను చేసిందేమిటి? ఇల్లు మారే తొందరలో ఆ చీరను అంగడి కవర్లోనే చుట్టి, మడతల్లో నాలుగు కలరా ఉండలు వేసి, మూతి బిగించి కింది అరలో పెట్టా. ఆ గోడకు అవతల బాత్రూం. గోడ చెమ్మగా ఉందని చెయ్యి పెట్టి చూడాలని కూడా తోచలేదు. రెండేళ్లు అట్లాగే ఉంది. మీ అక్క నిశ్చితార్థానికి తీశాం. జరీ అంతా నల్లగా మాడిన గిన్నె అడుగులా ఉంది. జరీలో ఉండేది వెండే కదా, పైన పల్చటి బంగారు పూత. చెమ్మ చేరితే నల్లబడక ఏమవుతుంది? రెండేళ్లూ ఒకే మడతలో ఉన్నందువల్ల పట్టు కూడా మడత వెంబడే చీలింది, విప్పుతుంటే సన్నగా చిరిగిన చప్పుడు వినపడింది. మీ పెద్దమ్మ ఒక్క మాట అనలేదు. "పోనీలే, నీలంది కట్టుకుంటా" అని వంటింట్లోకి పోయింది. తిట్టి ఉంటే ఎంతో బాగుండేది. ఆ చీరను కంచికి తీసుకుపోయి చూపించా. పాత జరీ కొనే మనిషి తూకం వేసి ఒక ధర చెప్పాడు. అమ్మకుండా బస్సెక్కి వచ్చేశా.

అందుకే చెబుతున్నా. పట్టుకు ఉతికిన పాత పంచె చుట్టు. మూడు నెలలకోసారి తీసి, నీడన ఆరేసి, మడత మార్చి పెట్టు. పురుగు రాకుండా ఎండిన వేపాకును గుడ్డలో మూటకట్టి మూలన పెడితే చాలు. కలరా ఉండలు మాత్రం ఇంట్లోకే రానివ్వకు. చంటిది పాకుతోంది, తెల్లగా కనిపిస్తే నోట్లో పెట్టుకుంటుంది. ఒంట్లో జి6పీడీ అనే ఎంజైము తక్కువగా ఉన్న పసిపిల్లలకైతే ఆ వాసన పట్టిన బట్టలు తొడిగినా రక్తం దెబ్బతినొచ్చు. మన చంటిదానికి ఉందో లేదో ఎవరికి తెలుసు?

ఇంకో భయం ఉంది, చాదస్తం అనుకున్నా సరే. 2021 నవంబర్ వానలకు తిరుపతి వీధుల్లో నీళ్లు ఎట్లా పారాయో చూశావు కదా. మీది కింది ఇల్లు. సర్టిఫికెట్లు, ఆస్తి కాగితాలు పై అరలోకి ఎక్కించు. కింది అరలో బకెట్లు, చెప్పులు, తడిసినా ఏడవనివి పెట్టు. ఏ అరా నిండా కుక్కకు. వెనక గోడకూ బట్టలకూ మధ్య రెండు వేళ్ల సందు ఉండాలి.

ఆ ప్లాస్టిక్ సంచులు వచ్చేస్తే పారేయకు, డబ్బులు పెట్టి కొన్నావు. చలికాలం దుప్పట్లు బాగా ఎండబెట్టి వాటిలో పెట్టి అటకమీదికి ఎక్కించు. స్టూలు మీ ఆయన్ని పట్టుకోమను, ఒక్కదానివే ఎక్కొద్దు.

ఆదివారం చిత్తూరు నుంచి మొదటి బస్సుకే వస్తాం. మీ పెద్దమ్మ నా పాత పంచెలు ఎనిమిది ఉతికి ఆరేసింది. ఆ నెమలి కంఠం చీర కూడా సంచిలో పెట్టుకుంది. చీలిక లేని కొంగు వైపు కత్తిరించి చంటిదానికి పావడా కుట్టిస్తుందట. నన్ను అడగలేదు, చెప్పింది అంతే.

పెదనాయన