బస్సు, బసు, బస్

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది గుంటూరు, బ్రాడీపేట. ఎం.ఏ. ఇంగ్లీషు, బీఈడీ చేశాను. ఆరేళ్లుగా ఇక్కడే ఒక కాన్వెంటులో ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకి పాఠాలు చెబుతున్నాను. మావారికి టోక్యోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. ఏప్రిల్లో నేను, మా నాలుగేళ్ల పాప కూడా వెళ్తున్నాం. అక్కడికెళ్లి ఖాళీగా కూర్చోవడం నా వల్ల కాదు. చిన్నపిల్లలకి ఇంగ్లీషు చెప్పాలని ఉంది. విజయవాడలో ఒక కన్సల్టెన్సీలో అడిగితే, "మన యాస అక్కడ పనికిరాదు, 60 వేలు కట్టి మా కోర్సు చెయ్యండి, అప్పుడు చూద్దాం" అన్నారు. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. నా ఇంగ్లీషులో తెలుగు వినిపిస్తుందన్న మాట నిజమే. అలాంటిదాన్ని జపాన్ పిల్లలకి చెప్పొచ్చా? పాపతో ఇప్పట్నుంచే ఇంట్లో ఇంగ్లీషులోనే మాట్లాడమని చుట్టాలంతా అంటున్నారు. అది కూడా చెప్పండి.
— ఒక టీచరు, గుంటూరు

జవాబు: అమ్మా, తప్పకుండా చెప్పొచ్చు. ఆ 60 వేలు మాత్రం ఎవరికీ కట్టకండి.

నేనూ మీలాగే వెళ్లినదాన్ని. విజయవాడ సత్యనారాయణపురంలో పదకొండేళ్లు చిన్నపిల్లలకి ఇంగ్లీషు చెప్పి, మావారి ఉద్యోగం మీద 2009లో టోక్యో వెళ్లాను. 2016 దాకా ఎడొగావా వార్డు నిషి-కసాయ్‌లో ఉన్నాం. మన దేశం వాళ్లు ఎక్కువగా ఉండే పేట అది. కందిపప్పు, చింతపండు దొరుకుతాయో లేదోనని దిగులు పడే పనే లేదు.

ముందు కాగితాల సంగతి చెప్పేస్తాను. మీరు డిపెండెంట్ వీసా మీద వెళ్తారు కదా. దాని మీద పనిచెయ్యాలంటే అక్కడి ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో విడిగా అనుమతి తీసుకోవాలి. అది వస్తే వారానికి 28 గంటల వరకు పనిచేసుకోవచ్చు. రాకముందు డబ్బు తీసుకుని ఒక్క పాఠం కూడా చెప్పకండి. ఇంట్లోనే సొంతంగా ట్యూషన్ పెట్టుకోవాలనుకుంటే ఆ సంగతి అక్కడే అడిగి తెలుసుకోండి. ఇంగ్లీషు టీచింగ్ సర్టిఫికెట్టు తప్పనిసరిగా ఉండాలన్న నిబంధన వీసాకి లేదు. రేపెప్పుడైనా ఫుల్‌టైమ్ ఉద్యోగం చూసుకుంటే డిగ్రీ అడుగుతారు, చాలాచోట్ల 12 ఏళ్లు ఇంగ్లీషు మీడియంలో చదివినట్టు రుజువు అడుగుతారు. స్కూలు నుంచి, కాలేజీల నుంచి మీడియం సర్టిఫికెట్లు ఊళ్లో ఉండగానే తీసుకోండి. అక్కడికి వెళ్లాక వాటికోసం మీ నాన్నగారిని ఎండలో తిప్పాల్సి వస్తుంది.

ఇక యాస సంగతి. మీకు నిద్ర పట్టనివ్వనిది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

'నేటివ్ స్పీకర్లు మాత్రమే' అని ప్రకటనల్లో రాసే చోట్లు అక్కడ ఉన్నాయి. నన్ను ఆరు చోట్ల వద్దన్నారు. రెండు చోట్ల ఫోన్లో ఏ దేశమని అడిగి, తర్వాత చెబుతామని పెట్టేశారు. ఏడోది ఒక లాండ్రీ షాపు పైన చిన్న గది. యాభై దాటిన జపాన్ ఆవిడ నడిపేది. ఆవిడ దగ్గర అప్పటికే ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన టీచరు ఒకామె ఉంది. నా క్లాసు ఒకటి కూర్చుని చూసి, వచ్చే వారం నుంచి రమ్మంది. ఆ గదిలోనే అయిదేళ్లు చెప్పాను.

మొదటి వారంలో ఒక అయిదేళ్ల పిల్లాడికి బస్సు బొమ్మ చూపించి, ఇదేమిటని అడిగాను. "బసు" అన్నాడు. నేను తలూపి "బస్సు" అన్నాను. వాడు నా నోటివంకే చూసి మళ్లీ "బసు" అన్నాడు. నేను మళ్లీ "బస్సు". క్లాసయ్యాక ఆవిడ మెల్లగా చెప్పింది, మీరిద్దరూ చివర్లో ఒక 'ఉ' కలుపుతున్నారని.

ఆ రాత్రంతా దాని గురించే ఆలోచించాను. మన తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు పడితేగానీ మన నోరు ఊరుకోదు. బస్సు, కారు, బుక్కు, బ్యాగు, స్కూలు అంటాం. జపాన్ భాష కూడా దాదాపు అంతే. 'న్' లాంటి ఒక్క ధ్వని తప్ప ఏ హల్లుతోనూ అక్కడ మాట ముగియదు. డెస్క్ వాళ్లకి 'దెసుకు', మిల్క్ 'మిరుకు', బెడ్ 'బెద్దొ', హోటల్ 'హొతెరు'. ఆ పిల్లాడి నోట్లో ఏం జరుగుతోందో అమెరికా నుంచో లండన్ నుంచో వచ్చిన టీచరుకి ఎవరైనా చెబితే తెలియాలి. నాకు నా నోరే చెబుతోంది. నేను సరిచేసుకున్న దారినే వాణ్ణీ నడిపించొచ్చు.

మర్నాడు పొల్లుతో మొదలుపెట్టాను. అక్షరానికి పొల్లు పెడితే అచ్చు పోతుందని మన పిల్లలకి చెబుతాం కదా, దాన్నే చేతితో చేయించాను. 'బ' దగ్గర అరచెయ్యి తెరవాలి. 'స్' దగ్గర పిడికిలి బిగించాలి. రెండో చేతి వేళ్లు మెడమీద ఉంచుకోవాలి. పిడికిలి మూసుకున్నాక పాములా ఎంతసేపైనా బుసకొట్టొచ్చు గానీ, వేళ్ల కింద గొంతు అదరకూడదు. అదిరిందంటే 'ఉ' వచ్చేసినట్టే. కప్, క్యాట్, బుక్ లాంటి మాటలు ముందు పెట్టుకున్నాను. బ్యాగ్, బెడ్ లాంటివి బాగా తర్వాత. వాటిలో గొంతు మోగుతూ మోగుతూ చటుక్కున ఆగాలి, అది పెద్దవాళ్లకే కష్టం. ఆ పిల్లాడు మూడో వారంలో అన్నాడు. కళ్లు గట్టిగా మూసుకుని, రెండు పిడికిళ్లూ బిగించి, "బస్". అని ఊపిరి కూడా వదలకుండా నావైపు చూశాడు.

కన్సల్టెన్సీవాళ్లు యాస అంటూ ఒక్క మాటతో కొట్టిపారేశారు. అందులో మనకి కలిసొచ్చేవీ ఉన్నాయి, దిద్దుకోవాల్సినవీ ఉన్నాయి. బ్యాట్, బట్ అన్న మాటలకి తేడా జపాన్ పిల్లల చెవికి ఒక పట్టాన అందదు. మనకి 'బ్యాట్'లో పలికే అచ్చు మాట్లాడే తెలుగులోనే ఉంది. 'వచ్చాడు' అని మామూలుగా అని చూడండి, 'చ్చా'లో అదే పలుకుతుంది. ల, ర వాళ్లకి ఒకే ధ్వని. లైట్ అన్నా రైట్ అన్నా ఒక్కలాగే వస్తుంది. మనం ల, ళ, ర మూడూ విడదీసి పలికేవాళ్లం. కాకపోతే మన 'ర'లో నాలుక కొస పైన తగులుతుంది, ఇంగ్లీషులో ఎక్కడా తగలదు. అది అద్దంలో చూసుకుని నేర్చుకోవాలి.

దిద్దుకోవాల్సిన వాటిలో మొదటిది 'ప'. పల్చటి టిష్యూ కాగితం పెదాల ముందు వేలాడదీసి 'పెన్' అనండి. మనం అంటే కాగితం కదలదు. ఇంగ్లీషులో మాట మొదట్లో వచ్చే 'ప'కి గాలి తోడవుతుంది, కాగితం ఎగరాలి. మన 'పిన్' ఒక్కోసారి వాళ్లకి 'బిన్' అని వినిపించేది ఇందుకే. ట, క లు మొదట్లో వచ్చినా ఇంతే. రెండోది 'వ'. వ్యాన్ అన్నప్పుడు పైపళ్లు కింది పెదవిని తాకాలి, వాటర్ అన్నప్పుడు పెదాలు సున్నా చుట్టాలి. మనం రెండింటికీ ఒకే 'వ' వాడేస్తాం. మూడోది 'జూ' అన్నప్పుడు వచ్చే తేనెటీగ మోత. మన 'జ' అది కాదు. రోజుకి పది నిమిషాలు, నెల రోజులు. దీనికి ఒక అద్దం, ఒక టిష్యూ కాగితం సరిపోతాయి.

మీ అనుభవంలో ఒకటి మాత్రం గుంటూరులోనే వదిలేసి వెళ్లండి. అది నాలుగు గీతల కాపీ. మన కాన్వెంటుల్లో నాలుగేళ్ల పిల్లలచేత ఏ నుంచి జడ్ దాకా రాయిస్తాం, స్పెల్లింగులు అప్పచెప్పిస్తాం. తల్లిదండ్రులు అడుగుతారు కాబట్టి నేనూ చేశాను, ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది. అక్కడ సర్కారు స్కూళ్లలో 2020 నుంచి 3, 4 తరగతులకి ఏడాదికి 35 పీరియడ్లు ఆటపాటలతో ఇంగ్లీషు, 5, 6 తరగతులకి 70 పీరియడ్లు సబ్జెక్టుగా ఇంగ్లీషు పెట్టారు. దాంతో అంతకుముందే పిల్లల చెవికి అలవాటు చేయాలని తల్లులు చిన్న క్లాసులకి పంపుతారు. మీ దగ్గరికి వచ్చేది మూడేళ్ల నుంచి ఆరేళ్ల వాళ్లే. వాళ్ల చేతికి పెన్సిల్ ఇవ్వకండి. ముందు ఒళ్లు కదిలించండి. స్టాండ్, జంప్, టచ్ ద డోర్ అంటూ మీరు చేస్తూ వాళ్లచేత చేయించండి, తిరిగి చెప్పమని అడక్కండి. ఇది అమెరికాలో జేమ్స్ యాషర్ అనే సైకాలజీ ప్రొఫెసర్ 1960లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. ఆయన తొలి ప్రయోగాల్లో జపనీస్ నేర్పడం కూడా ఉంది.

కొందరు నెలల తరబడి నోరు విప్పరు. అప్పుడే మన ఓపికకి పరీక్ష. నా దగ్గర నాలుగేళ్ల పాప ఒకతి ఉండేది, గోడకి వీపు ఆనించి కూర్చునేది. లేవమంటే లేచేది, ఎరుపు తాకమంటే ఎరుపే తాకేది. మాట మాత్రం లేదు. ఏప్రిల్లో చేరింది, ఆగస్టు వచ్చింది. డబ్బు దండగ అనుకుంటున్నారేమోనని నేనే వాళ్లమ్మకి క్షమాపణ చెప్పబోయాను. ఆవిడ ఆశ్చర్యపోయింది. రోజూ రాత్రి స్నానాల తొట్టిలో కూర్చుని క్లాసు మొత్తం ఒక్కతే చెప్పుకుంటుందట, నా గొంతుతో సహా. చెప్పింది చేస్తున్న పిల్ల మాట్లాడకపోయినా చెవులు పనిచేస్తున్నాయని అర్థం. తొందరపెట్టి అడిగితే ఆ పని కూడా ఆగిపోతుంది.

పెట్టెలో చోటుంటే కొండపల్లి బొమ్మలు నాలుగు పెట్టుకోండి. తెల్ల పొణికి కర్రతో చేస్తారు కాబట్టి బరువుండవు. ఎడ్లబండి, తాటిచెట్టు, బిందె పట్టుకున్న మనిషి ఉంటే నెల రోజుల పాఠం. ఎద్దు బండిమీద, బండి చెట్టుకింద, మనిషి బండివెనక అంటూ ఎన్ని ఆటలైనా ఆడించొచ్చు. రంగులు పెచ్చులూడతాయి, నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకి మాత్రం ఇవ్వకండి. లెక్కలకి వామనగుంటల పీట మంచిది. అయితే చింతపిక్కలు తీసుకెళ్లొద్దు, విత్తనాలకి అక్కడ ఎయిర్‌పోర్టులో ప్లాంట్ క్వారంటైన్ తనిఖీ ఉంటుంది. గవ్వలు పెట్టుకోండి.

పాప విషయం. ఇంట్లో తెలుగే మాట్లాడండి, అమ్మా. ఈ మాట గట్టిగా చెప్పడానికి నాకు కారణం ఉంది. మేం వెళ్లినప్పుడు మా అబ్బాయికి మూడున్నరేళ్లు. రెండు భాషలైతే కంగారు పడతాడని ఎవరో అంటే విని, ఏడాదిపాటు వాడితో ఇంగ్లీషులోనే మాట్లాడాను. తెనాలిలో మా అమ్మ ఆదివారం ఆదివారం ఫోన్ చేసేది. "ఏం తిన్నావు నాన్నా" అంటే వాడు రిసీవర్ నా చేతికిచ్చి వెళ్లిపోయేవాడు. అమ్మ ఒక్కసారి కూడా నన్ను ఏమీ అనలేదు. "పడుకోబోతున్నాడేమోలే" అనేది. మళ్లీ తెలుగు మొదలుపెట్టి వాడు తడుముకోకుండా మాట్లాడేసరికి రెండేళ్లు పట్టింది. మీ పాపకి జపనీస్ అక్కడి కిండర్‌గార్టెన్‌లో వచ్చేస్తుంది, ఇంగ్లీషు మీ క్లాసులో వస్తుంది. తెలుగు మీ దగ్గర తప్ప అక్కడ ఇంకెక్కడా దొరకదు. రాత్రిపూట కథ తెలుగులో చెప్పండి. విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో పిల్లల బొమ్మల పుస్తకాలు చూడండి, సంచీ నిండా తెచ్చుకోవచ్చు.

బయల్దేరేలోపు మీరు చెయ్యాల్సింది ఇంకొకటి ఉంది. హిరగానా అక్షరాలు నేర్చుకోండి. మూలాక్షరాలు 46. అ, ఇ, ఉ, ఎ, ఒ అంటూ మొదలవుతాయి. తర్వాత క, కి, కు, కె, కొ. అచ్చం మన గుణింతమే. ఆ వరస బౌద్ధులతో వెళ్లిన సంస్కృత అక్షరాల ప్రభావంతో ఏర్పడింది. రోజుకి అయిదు నేర్చుకున్నా పది రోజుల్లో అయిపోతాయి. క్లాసు గుమ్మం దగ్గర చెప్పుల అరలుంటాయి, వాటిమీద పిల్లల పేర్లు ఆ అక్షరాల్లోనే రాసి ఉంటాయి. మొదటిరోజు అరగంట ముందే వెళ్లి అవి చదవండి. మీ నోట్‌బుక్‌లో తెలుగులో రాసుకోండి. హరుకా, యూతా, మిసాకి లాంటి పేర్లు మన అక్షరాల్లో చక్కగా కుదురుతాయి, ఇంగ్లీషు అక్షరాల్లో అంత కుదరవు. నా పుస్తకం చూసి ఒక పిల్ల, ఇదేం రాత అని అడిగింది. అది నీ పేరే అంటే నమ్మలేదు. వేలితో ఆ మూడక్షరాలూ దిద్దింది. తర్వాత గదిలో ఎనిమిది మందీ వరసలో నిలబడి తమ పేర్లు రాయించుకున్నారు. ఆరోజు ఇంగ్లీషు పాఠం పావుగంటే జరిగింది.