జువైనల్ బోర్డులో కేసుంది.. మా బిడ్డ నర్సింగ్ చదవొచ్చా?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. మా చిన్నబిడ్డ తిరుపతిలో హాస్టల్లో ఉండి ఇంటర్ సెకండియర్ బైపీసీ చదువుతోంది. పదిహేడేళ్ళు. రూమ్మేట్ ఫోన్ తీసుకుని మూడుసార్లుగా రూ.14,500 వేరే నంబరుకు ఫోన్‌పే చేసింది. ఆ పిల్ల ఇంటివాళ్ళు పోలీసులకు కంప్లయింట్ ఇచ్చారు. డబ్బు మేం తిరిగి కట్టేశాం. బోర్డులో హాజరుపరిస్తే అదే రోజు బెయిలిచ్చి నాతో పంపించారు. ఇన్‌స్టాలో పరిచయమైన ఒకడు ఫొటోలు అందరికీ పంపుతానని బెదిరిస్తే ఆ డబ్బు వాడికే పంపినానని బిడ్డ ఏడుస్తోంది. ఆ సంగతి బయటికి వస్తే పరువు పోతుందని మా ఆయన ఎవరితోనూ చెప్పనివ్వడం లేదు. హాస్టల్ వాళ్ళు టీసీ తీసుకుపొమ్మంటున్నారు. పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో బిడ్డ ఫొటో కూడా పెట్టేశారు. చదువు మాన్పించి నా తమ్ముడికిచ్చి పెళ్ళి చేసేద్దామని మా ఆయన పట్టుబట్టాడు. బిడ్డకేమో నర్సు కావాలని ఆశ. ఫిబ్రవరికి పద్దెనిమిది నిండుతాయి, అప్పుడు పెద్ద జైలుకు పంపుతారా? మహిళా యూనివర్సిటీలో డిగ్రీ చదివే మా పెద్దబిడ్డ చేత ఇది రాయిస్తున్నా.
– ఒక తల్లి, చిత్తూరు జిల్లా

జవాబు: చదవొచ్చమ్మా. సీటూ వస్తుంది, ఉద్యోగమూ వస్తుంది. ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది బోర్డు కేసు కాదు. ఫొటోల బెదిరింపు, పెళ్ళి మాట. ఆ రెండింటి దగ్గరికి వచ్చేముందు కేసు గురించి మీ భయం తీరాలి. (మిమ్మల్ని ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చాను.)

పద్దెనిమిది నిండకముందు చేసిన పనికి 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం వర్తిస్తుంది. చూడాల్సింది పని జరిగిన రోజున వయసెంత అన్నదే. విచారణ నడుస్తుండగా పద్దెనిమిది నిండినా బిడ్డ కిందే లెక్కించి అదే బోర్డు విచారణ పూర్తి చేస్తుంది. ఫిబ్రవరి వచ్చిందని ఏదీ మారదు. పదహారు దాటిన పిల్లలను పెద్దవాళ్ళలా విచారించాలా అన్న ప్రశ్న ఘోరమైన నేరాల్లోనే వస్తుంది. అంటే చట్టంలో కనీస శిక్షే ఏడేళ్ళు, అంతకుమించి ఉన్నవాటిలో. మీ అమ్మాయి చేసింది ఏ లెక్కన చూసినా అందులోకి రాదు.

బోర్డు అంటే మామూలు కోర్టు కాదు. ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు కూర్చుంటారు. ఆ ఇద్దరిలో కనీసం ఒకరు మహిళ అయి ఉండాలి. తప్పు చేసిందని తేలినా వాళ్ళు ఇచ్చే ఉత్తర్వులు చాలావరకు మందలించి ఇంటికి పంపడం, కౌన్సెలింగ్, కొన్నాళ్ళు సమాజసేవ, ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణ, ఇలా ఉంటాయి. తప్పు తేలిన పిల్లలను ఉంచే స్పెషల్ హోమ్‌కు పంపే అధికారం ఉంది కానీ, అదీ గరిష్ఠంగా మూడేళ్ళే. మొదటిసారి తప్పు చేసి, డబ్బు తిరిగి కట్టి, అండగా తల్లి ఉన్న పిల్లను అంతదాకా తీసుకెళ్ళడానికి నాకైతే కారణం కనబడటం లేదు. మొదట హాజరుపరిచిన రోజు నుంచి నాలుగు నెలల్లో విచారణ ముగించాలి. అవసరమైతే ఇంకో రెండు నెలలు పొడిగించవచ్చు.

ఇక మీరు అడిగిన అసలు విషయం, భవిష్యత్తు. ఆ చట్టంలో 24వ సెక్షన్ ఉంది. నేరం రుజువైతే వేరే చట్టాల ప్రకారం ఏదైనా అనర్హత వచ్చేటట్టుంటే, ఈ చట్టం కింద విచారణ జరిగిన పిల్లలకు అది అంటదు. పెద్దవాళ్ళలా విచారించిన కేసులకు మాత్రమే దీని నుంచి మినహాయింపు. రికార్డును కూడా శాశ్వతంగా ఉంచరు, నియమాల్లో చెప్పిన గడువు దాటాక నాశనం చేయాలి. కేసు ముగిశాక పోలీసులు క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసమని ఆ వివరాలు ఎవరికీ ఇవ్వకూడదని 74వ సెక్షన్ చెబుతోంది. 2019లో సుప్రీంకోర్టుకు ఒక కేసు వెళ్ళింది. మైనరుగా ఉన్నప్పటి ఆరోపణలు చూపించి ఒక యువకుడికి కేంద్ర బలగంలో ఉద్యోగం కాదన్నారు. చిన్నతనంలోని అలాంటి ఆరోపణ నిజమే అనుకున్నా దాన్ని పట్టుకుని ఉద్యోగం లాగేయకూడదని కోర్టు తేల్చింది. 2021లో అలహాబాద్ హైకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. బాల్యంలో ఎదుర్కొన్న కేసుల వివరాలు చెప్పాలని అభ్యర్థిని అడగడమే గోప్యత హక్కుకు విరుద్ధమంది.

అలాగని రేపు ఉద్యోగం వచ్చాక అటెస్టేషన్ ఫారంలో ‘మీపై కేసులున్నాయా’ అన్న గడి కనబడితే ఎవరో చెప్పారని చటుక్కున ‘లేవు’ అని టిక్ పెట్టేయొద్దు. దాచారన్న కారణంతో పెద్దవాళ్ళ ఉద్యోగాలు పోయిన సందర్భాలున్నాయి. బోర్డు చివరి ఉత్తర్వు వచ్చిన వెంటనే సర్టిఫైడ్ కాపీ ఒకటి తీసుకుని బీరువాలో పెట్టుకోండి. ఆ ఫారం నింపే రోజున కాపీ పట్టుకుని లాయరు దగ్గర కూర్చుని, ప్రశ్నలో అడిగిందేమిటో మాటమాటా చదివి, జవాబు రాయించండి. నర్సులకు విదేశీ అవకాశాలు ఎక్కువ కాబట్టి పాస్‌పోర్టు గురించీ చెబుతున్నా. విచారణ ముగిశాకే దరఖాస్తు చేయండి.

లాయరు ఫీజు గురించి దిగులుపడకండి. ఆడవాళ్ళకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరునిస్తుంది. జిల్లా కోర్టు ఆవరణలో ఆఫీసు ఉంటుంది, ఫోన్ నంబరు 15100.

వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టడం తప్పు, అది చట్టం నిషేధించిన తప్పు. కేసులో ఉన్న పిల్లల పేరు, ఊరు, స్కూలు, ఫొటో ఏ రూపంలోనూ బయటపెట్టకూడదు. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ముందు ఆ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. తర్వాత వార్డెన్‌ను తీసేయమని అడగండి. పెద్దమ్మాయి అడిగితే బాగుంటుంది. పైన చెప్పిన 74వ సెక్షన్ నంబరు చెబితే వాళ్ళు వింటారు.

ఇప్పుడు ఫొటోల సంగతి. అమ్మా, మీ ఉత్తరంలో అది ఒక్క వాక్యంలో వచ్చి వెళ్ళిపోయింది. ఈ కేసు మొత్తానికి అదే మూలం. పదిహేడేళ్ళ పిల్లను ఫొటోలు చూపించి బెదిరించి డబ్బు లాగినవాడు మీ అమ్మాయికంటే ఎన్నో రెట్లు పెద్ద నేరం చేశాడు. బలవంతపు వసూలుతోపాటు, ఆ ఫొటోలను బట్టి పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం, ఐటీ చట్టం కూడా వాడి మీద వర్తించవచ్చు. ఇప్పుడు పోలీసు ఫైల్లో మీ అమ్మాయి ‘డబ్బు తీసిన పిల్ల’. అసలు బాధితురాలన్న సంగతి ఆ ఫైల్లో ఎక్కడా లేదు. కేసుల్లోకి వచ్చే ఆడపిల్లల విషయంలో నాకు తరచూ కనబడేది ఇదే. వాళ్ళు చేసిన తప్పు పైకి కనబడుతుంది, వాళ్ళకు జరిగిన అన్యాయం పరువు పేరుతో ఇంట్లోనే ఉండిపోతుంది. మగపిల్లాడు తప్పు చేస్తే ‘వయసు, కుదురుకుంటాడు’ అంటారు. ఆడపిల్ల చేస్తే చేసిన పనికొక శిక్ష, ఆడపిల్ల అయినందుకు ఇంకొక శిక్ష. రెండోది వేసేది కోర్టు కాదు, ఇల్లూ ఊరూ.

ప్రొబేషన్ అధికారి లేదా సోషల్ వర్కర్ మీ ఇంటికి వచ్చి ‘సామాజిక విచారణ నివేదిక’ రాస్తారు. బోర్డు దాన్ని చూశాకే నిర్ణయం తీసుకుంటుంది. ఇంట్లో ఎవరెవరున్నారు, పిల్లతో ఎలా ఉంటారు, చదువెలా సాగుతోంది, స్నేహాలెవరితో, ఎవరైనా వేధించారా, వాడుకున్నారా, ఈ పని ఎందుకు చేసింది అని అందులో రాసుకుంటారు. చాలా ఇళ్ళలో ఆ రోజు కాఫీ ఇచ్చి, ‘మా పిల్ల మంచిదే సార్, ఏదో పొరపాటు’ అని సరిపెట్టి పంపేస్తారు. మీరలా చేయొద్దు. వేధించారా అన్న ప్రశ్న వచ్చినప్పుడు బిడ్డ నోటితోనే జరిగింది చెప్పనివ్వండి. మీ ఆయన ఎదురుగా ఉంటే చెప్పలేకపోతే విడిగా మాట్లాడమని అధికారినే అడగండి. ఆడపిల్లతో మహిళా పోలీసే మాట్లాడాలని, వీలైనంతవరకు యూనిఫాం లేకుండా రావాలని నియమాలున్నాయి. వాటిని మీరు అడిగి తీసుకోవచ్చు.

వాడి ఛాటింగ్, వాడి ప్రొఫైల్, డబ్బు వెళ్ళిన నంబరు, ఏదీ డిలీట్ చేయనివ్వకండి. వాడు పంపిన మెసేజ్‌లు చూసి సిగ్గుతో చెరిపేయాలనిపిస్తుంది, కానీ మీ అమ్మాయిని కాపాడే సాక్ష్యం అవే. 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ నేరాల హెల్ప్‌లైన్. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో చట్టమే అంటోంది. బాధితురాలి వివరాలు బయటికి రాకుండా చూడాలనీ అదే చట్టం చెబుతోంది. మీ ఆయన భయపడే పరువుకు ఇంతకంటే గట్టి కాపలా లేదు. వాడు డబ్బు అందిన రుచి మరిగి ఉంటాడు. మళ్ళీ అడుగుతాడు, లేదంటే ఇంకో పిల్లను పట్టుకుంటాడు.

పెళ్ళి గురించి మీ ఆయనతో ఇలా చెప్పండి. పద్దెనిమిది నిండని అమ్మాయికి పెళ్ళి చేస్తే 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం చేయించిన పెద్దవాళ్ళకు రెండేళ్ళ దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా ఉన్నాయి. మేనమామ కదా అన్న మినహాయింపేమీ లేదు. బిడ్డ చేసిన పనికి చట్టం దిద్దుకునే దారి చూపిస్తోంది. మీ ఆయన చేయబోయే పనికి పెద్దవాళ్ళ కోర్టే. ‘ఫిబ్రవరి దాకా ఆగి చేద్దాం’ అంటారేమో. అప్పుడు నేరం కాకపోవచ్చు. కానీ బెదిరించినవాడు ఊళ్ళో తిరుగుతుంటే, బాధపడిన పిల్ల చదువు వదిలేసి కాపురానికి వెళ్తుంది. నాకు దీన్ని ఒప్పుకునే మనసు రావడం లేదు. మీ తమ్ముడు మంచివాడైతే, ఆయన్నే మీ ఇంటికి పిలిచి ఈ ఉత్తరం చదివించండి. మేనమామ మాట మీ ఆయన వినొచ్చు.

టీసీ విషయంలో తొందరపడకండి. హాస్టల్ వేరు, కాలేజీ వేరు. హాస్టల్ మారండి, లేదా కొన్నాళ్ళు తెలిసినవాళ్ళింట్లో పెట్టండి. తిరుపతిలోనే ఉండటం కష్టమనిపిస్తే కాలేజీ మారే దారి చూద్దాం, పలమనేరులోనూ జూనియర్ కాలేజీలున్నాయి. తప్పనిసరై టీసీ తీసుకోవాల్సి వస్తే కాండక్ట్ గడిలో ఏం రాశారో అక్కడే నిలబడి చూసుకోండి. కేసు ప్రస్తావన ఉంటే తీసుకోవద్దు, మార్చి ఇమ్మనండి. ఏ దారిలో వెళ్ళినా ఈ ఏడాది పరీక్షలు పోకూడదు.

నర్సింగ్ గురించి. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళ కోర్సు. చేరే సంవత్సరం డిసెంబరు 31 నాటికి పదిహేడు నిండాలి. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్ ఉండాలి, సైన్సు సబ్జెక్టుల్లో కనీసం 45 శాతం మార్కులు. మీ అమ్మాయికి మార్కులు కుదిరితే తిరుపతిలో స్విమ్స్ నర్సింగ్ కాలేజీ ఉంది. కుదరకపోతే మూడేళ్ళ నర్సింగ్ డిప్లొమా జీఎన్ఎం ఉంది, దానికి పోటీ కాస్త తక్కువ. జీఎన్ఎం చేసి తర్వాత పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేసినవాళ్ళు మంచి ఆసుపత్రుల్లో ఉన్నారు. ఇంతటి బెదిరింపు మోసిన పిల్లకు రాత్రిళ్ళు నిద్ర పట్టదు, పుస్తకం ముందు కూర్చున్నా బుర్రకెక్కదు. ఒకటి రెండు నెలలు మార్కులు తగ్గితే తిట్టకండి. రుయా ఆసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీ ఉంది. ఒకసారి చూపించడం మంచిది. బోర్డు కౌన్సెలింగ్ ఇస్తే అదీ ఉపయోగపడుతుంది, శిక్ష అనుకోవద్దని బిడ్డకు చెప్పండి.

పెద్దమ్మాయికి ఒక మాట. చెల్లి పక్కన నువ్వు బోర్డుకు వెళ్తావని అనుకుంటున్నా. అక్కడి మనుషుల పని చూడమ్మా. ప్రొబేషన్ అధికారి, జిల్లా బాలల సంరక్షణ విభాగంలో లీగల్ కం ప్రొబేషన్ ఆఫీసర్, కౌన్సెలర్, సోషల్ వర్కర్.. ఇవన్నీ ఉద్యోగాలు. జిల్లా స్థాయిలో ఎక్కువ పోస్టులు కాంట్రాక్టువి, జీతం మొదట్లో పెద్దగా ఉండదు. డిగ్రీ అయ్యాక సోషల్ వర్క్‌లో పీజీ అయిన ఎంఎస్‌డబ్ల్యూ గానీ, లాసెట్ రాసి మూడేళ్ళ ఎల్ఎల్‌బీ గానీ చేస్తే ఈ దారి తెరుచుకుంటుంది. పిల్లల కోసం ఏడేళ్ళ పని అనుభవమో, సైకాలజీ, సోషియాలజీ, లా లాంటి డిగ్రీతో ప్రాక్టీసో ఉన్నవాళ్ళు వయసు వచ్చాక బోర్డు సభ్యులు కూడా కావచ్చు. ఆడపిల్లల కేసుల్లో ఆ కుర్చీలో అర్థం చేసుకునే మనిషి ఉంటే ఎంత తేడా వస్తుందో నీకిప్పుడు తెలుసు.

చివరగా ఒక పని. ఇంటర్ ప్రాక్టికల్స్, పరీక్షల టైంటేబుల్ రాగానే జిరాక్స్ తీసి న్యాయసేవాధికార సంస్థ ఇచ్చిన లాయరుకు ఇవ్వండి. వాయిదా పరీక్ష రోజున పడితే తేదీ మార్చమని ముందే బోర్డుకు అర్జీ పెట్టిస్తారు.