లాగిన్ ఎందుకు పోతోంది? ప్రాక్సీ సర్వర్‌పై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా కళాశాలలో పరీక్ష ఫీజుల చెల్లింపుకు, హాల్‌టికెట్ల జారీకి టామ్‌క్యాట్ అనే సర్వర్‌పై నడిచే జావా అప్లికేషన్ వాడుతున్నాము. రద్దీ పెరగడంతో క్లౌడ్‌లో దానినే మూడు ఇన్‌స్టెన్సులుగా (విడివిడి ప్రతులుగా) నడుపుతూ, ముందు ఇంజిన్‌ఎక్స్‌ను ప్రాక్సీగా (రిక్వెస్టులను వాటికి పంచే మధ్యవర్తిగా) పెట్టాము. అప్పటి నుంచి విద్యార్థులు లాగిన్ అయిన కాసేపటికే మళ్లీ లాగిన్ పేజీకి వచ్చి పడుతున్నారు. ఐపీ హాష్ (వాడేవారి ఐపీ చిరునామాను బట్టి సర్వర్‌ను ఎంచే పద్ధతి) పెట్టాక ఆ బాధ కొంత తగ్గింది కానీ, పగటిపూట భారమంతా ఒక్క ఇన్‌స్టెన్సు మీదే పడుతోంది. ఎవరి రిక్వెస్టులు వారి ఇన్‌స్టెన్సుకే వెళ్లేలా చేయడం ఎలా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: లాగిన్ వివరాలను టామ్‌క్యాట్ తన మెమరీలోనే ఉంచుకుంటుంది. ఇంజిన్‌ఎక్స్‌కు మీరు ఏమీ చెప్పకపోతే అది రిక్వెస్టులను వరుసగా ఒక్కో సర్వర్‌కు పంచుతుంది కాబట్టి, మొదటి ఇన్‌స్టెన్సులో లాగిన్ అయిన విద్యార్థి తర్వాతి క్లిక్ రెండోదానికి చేరుతుంది. అక్కడ అతనెవరో తెలియదు.

ఐపీ హాష్ ఈ చిక్కును సగమే తీరుస్తుంది. ఐపీవీ4 చిరునామాలోని నాలుగు భాగాలలో మొదటి మూడింటినే అది లెక్కలోకి తీసుకుంటుంది. మీ ప్రాంగణంలోని కంప్యూటర్లన్నీ బయటికి ఒకే పబ్లిక్ చిరునామాతో వెళ్తుంటే, ఇంజిన్‌ఎక్స్ కంటికి ఆ వందల మంది ఒక్కరే. మరోవైపు, వైఫై వదిలి మొబైల్ డేటాకు మారిన విద్యార్థి చిరునామా మారిపోయి వేరే ఇన్‌స్టెన్సుకు చేరవచ్చు. మనిషితో పాటు కదిలేది చిరునామా కాదు, బ్రౌజర్‌లోని కుకీ (బ్రౌజర్ దాచుకుని ప్రతి రిక్వెస్టుతో పంపే చిన్న గుర్తు). దానినే ఆధారం చేసుకోండి.

టామ్‌క్యాట్‌లో ఇందుకు తగిన సదుపాయం ముందే ఉంది. ప్రతి ఇన్‌స్టెన్సు సర్వర్ ఎక్స్‌ఎంఎల్ ఫైలులో ఇంజిన్ అనే అంశానికి జేవీఎం రూట్ విలువను నోడ్1, నోడ్2, నోడ్3 అని వేర్వేరుగా ఇస్తే, జేసెషన్‌ఐడీ కుకీలోని పొడవాటి సంఖ్య చివర చుక్క పెట్టి ఆ పేరు చేరుతుంది. ఇంజిన్‌ఎక్స్‌లో మ్యాప్ అనే బ్లాకు రాసి, కుకీ చివర నోడ్1 ఉంటే మొదటి అప్‌స్ట్రీమ్ (ఇంజిన్‌ఎక్స్‌లో రాసే సర్వర్ల జాబితా) పేరు, నోడ్2 ఉంటే రెండోది, అలాగే మూడోది ఒక వేరియబుల్‌లోకి వచ్చేలా చేసి, ఆ వేరియబుల్‌ను, రిక్వెస్టు ఎక్కడికి పోవాలో చెప్పే ప్రాక్సీ పాస్‌కు ఇవ్వండి. కుకీ లేని కొత్తవారి కోసం డీఫాల్ట్‌గా మూడు ఇన్‌స్టెన్సులూ ఉన్న అప్‌స్ట్రీమ్‌ను చూపండి. వారు మామూలు వరుసలోనే పంపిణీ అవుతారు. మ్యాప్ బ్లాకును సర్వర్ బ్లాకులో కాక, దానికి పైనున్న హెచ్‌టీటీపీ బ్లాకులో రాయాలి.

చాలామంది ఇక్కడికి ఆగిపోతారు. నోడ్1 పడిపోయిన రోజున ఆ కుకీ ఉన్నవారందరికీ 502 అనే లోపం పేజీయే కనిపిస్తుంది. కాబట్టి నోడ్1 అప్‌స్ట్రీమ్‌లో దాని సర్వర్‌తో పాటు మిగతా రెండింటినీ బ్యాకప్ అనే పదం చేర్చి రాయండి. అది పడిపోతే విద్యార్థి వేరే ఇన్‌స్టెన్సుకు చేరి మరొకసారి లాగిన్ కావలసి వస్తుంది. అయితే అక్కడ అందే కొత్త కుకీ చివర ఆ ఇన్‌స్టెన్సు పేరే ఉంటుంది కనుక ఆ తర్వాత అతను అక్కడే స్థిరపడతాడు. ఐపీ హాష్ ఉన్న అప్‌స్ట్రీమ్‌లో బ్యాకప్ పనిచేయదు. ముందు దానిని తీసేయండి.

మీది ఫీజుల వ్యవహారం కనుక ఇంకొక మాట. సర్వర్‌కు అప్పటికే పంపిన పోస్ట్ రిక్వెస్టుకు (ఫీజు ఫారం వంటి వివరాలను పంపే రిక్వెస్టుకు) జవాబు రాకపోయినా, 1.9.13 వెర్షన్ నుంచి ఇంజిన్‌ఎక్స్ దానిని తనంతట తాను మరో సర్వర్‌కు పంపదు. నాన్ ఐడెంపొటెంట్ అనే ఎంపికతో ఈ పద్ధతిని మార్చవచ్చు కానీ, ఒకే ఫీజు రెండుసార్లు నమోదయ్యే ప్రమాదం ఉంది కనుక దాని జోలికి వెళ్లకండి.

మార్చిన ఫైలును ఇంజిన్‌ఎక్స్ పరీక్ష కమాండుతో సరిచూసుకున్నాకే రీలోడ్ చేయండి. లాగ్ ఫార్మాట్‌లో అప్‌స్ట్రీమ్ అడ్రస్ అనే వేరియబుల్‌ను చేరిస్తే ప్రతి వరుస చివర 10.0.0.11:8080 వంటి చిరునామా పడుతుంది. ఒకే సెషన్ (ఒకరి ఒక లాగిన్) వరుసలన్నింటిలో అదే చిరునామా వస్తోందా అని కళ్లారా చూసుకోవచ్చు. రెండు చిరునామాలు కామాతో పక్కపక్కనే కనిపిస్తే, మొదటి సర్వర్ విఫలమై రిక్వెస్టు రెండోదానికి వెళ్లిందని అర్థం.

నన్నడిగితే ఇదంతా ఈ పరీక్షల కాలం గడవడానికే. సెలవుల్లో సెషన్లను రెడిస్ వంటి ఉమ్మడి చోటికి మార్చండి. అప్పుడు ఏ రిక్వెస్టు ఏ ఇన్‌స్టెన్సుకు వెళ్లినా ఇబ్బంది ఉండదు.

ప్రశ్న: నాలుగు ఇన్‌స్టెన్సులలో ఒకదానిలోనే లోపం కనిపిస్తోంది. ప్రాక్సీ ద్వారానే ఆ ఒక్కదానికి రిక్వెస్టు పంపి పరీక్షించవచ్చా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: పంపవచ్చు. రిక్వెస్టులో ఒక ప్రత్యేక హెడర్ (రిక్వెస్టుతో పాటు వెళ్లే అదనపు సమాచారం) పెట్టి, పైన చెప్పిన మ్యాప్ పద్ధతిలోనే దాని విలువను అప్‌స్ట్రీమ్ పేరుగా మార్చుకోండి. అయితే హెడర్‌లో వచ్చిన చిరునామాను ఉన్నదున్నట్టు ప్రాక్సీ పాస్‌కు ఎప్పుడూ ఇవ్వకండి. బయటివారెవరైనా మీ ప్రాక్సీ ద్వారా మీ లోపలి నెట్‌వర్క్‌లోని ఏ యంత్రాన్నయినా తట్టగలుగుతారు. మ్యాప్‌లో మీరు రాసిన నాలుగు పేర్లు తప్ప మరేది వచ్చినా డీఫాల్ట్‌కే పోవాలి. ఈ హెడర్ మీ కార్యాలయ చిరునామాల నుంచి వచ్చినప్పుడే చెల్లేలా కట్టడి చేయడం ఇంకా మంచిది.