తక్కువ ధరలో ఫ్లెక్స్ పాళీ ఉన్న పాత ఇంకు పెన్ను కొనాలంటే ఏం చూడాలి?

ఐదు వేల లోపు, నొక్కితే లావుగా వదిలితే సన్నగా రాసే పాత పెన్ను దొరుకుతుందా, సుమారు వందేళ్ళ కిందటి అమెరికా పెన్ను వాటర్‌మ్యాన్ 52 కొనమంటారా అని అడిగారు. దొరుకుతుంది. వాటర్‌మ్యాన్ 52 జోలికి మాత్రం వెళ్ళకండి. పెన్ను గొప్పదే, కాదనను. కానీ ఆ పేరు తెలియని అమ్మకందారు ఇప్పుడు లేడు, సగం డబ్బు పేరుకే పోతుంది. అదే కాలపు ఇంగ్లండ్ పెన్నులు వెతకండి. మేబీ టాడ్ కంపెనీ స్వాన్ పేరుతో ఖరీదైనవి, బ్లాక్‌బర్డ్ పేరుతో చవకవి చేసేది. బ్లాక్‌బర్డ్‌లోనూ 14 క్యారెట్ల బంగారు పాళీలు వచ్చేవి.

నా మొదటి పెన్ను ఆన్‌లైన్‌లో 4,500 పెట్టి కొన్నాను. 'సూపర్ ఫ్లెక్స్' అని రాశారు. ఫొటోలో పెన్ను తళతళలాడుతోంది, పాళీని దగ్గరగా తీసిన ఫొటో ఒక్కటీ లేదు. అప్పుడే అనుమానం రావాల్సింది. ఇంటికొచ్చాక ఇంకు పోసి ఒక గీత కిందికి లాగాను. పాళీ మధ్యలో, ఉండకూడని చోట ఇంకు చుక్క పూసలా నిలబడింది. తుడిచి మళ్ళీ గీశాను, మళ్ళీ అదే చోట పూస. మా నాన్నగారు దస్తావేజు లేఖరి. పాత కాగితాలు చదివే ఆయన భూతద్దం తెచ్చి చూస్తే, పాళీకి ఉండే చిన్న రంధ్రం నుంచి పక్కకి వెంట్రుకంత పగులు. అమ్మినాయన, ఇంకు పోశాక వాపసు తీసుకోనన్నాడు. ఇంకు పోయకుండా పెన్ను ఎలా తెలుస్తుందండీ! బంగారు పాళీ కనిపిస్తే చాలు ఫ్లెక్స్ అని రాసేస్తున్నారు. బంగారమైనా మేకులా గట్టిగా ఉండేవి బోలెడు.

అందుకే పాళీ ఫొటో పైనుంచి, పక్కనుంచి అడగండి. నొక్కి గీసిన గీత కూడా చూపించమనండి. నొక్కు తీయగానే రెండు కొనలూ కలవాలి. కలవకపోతే ఆ పాళీ పనైపోయినట్టే.

రెండోది హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్‌లో దొరికింది. తలుపు బందులు, ఆగిపోయిన వాచీలు పోసిన రేకు డబ్బాలో ఒక బ్లాక్‌బర్డ్. 800 అన్నాడు, బేరం కూడా ఆడలేదు. లోపల ఇంకు నిలిచే రబ్బరు సంచి ఎండి నల్లటి పెళుసు ముక్కలైపోయింది. దానికి భయపడకండి. కొత్త సంచి చవకే, లక్కతో అతికించడం ఒక సాయంత్రం పని. సంచి పోయిన పెన్ను కొనొచ్చు, పాళీ పగిలినది ఉచితంగా ఇచ్చినా వద్దు. ఎబొనైట్, అంటే గట్టిపరచిన రబ్బరుతో చేసిన పెన్నును మాత్రం నీళ్ళలో నానబెట్టకండి, నలుపు పోయి గోధుమ రంగుకు తిరుగుతుంది.

బంగారం అందకపోతే స్టీలు పాళీల పాత అమెరికా పెన్ను ఎస్టర్‌బ్రుక్ ఉంది. పాళీ మర తిప్పి మార్చుకోవచ్చు, 9128 నంబరు పాళీ వెతకండి. స్టీలే కాబట్టి అంత మెత్తగా ఉండదు. కాగితం సంగతి కూడా చూసుకోవాలి. ఇప్పటి నోటుపుస్తకాల్లో ఇంకు పెన్ను పెడితే అక్షరం చెదపురుగులా పాకుతోంది. ఇంత ధర పెట్టి కొంటున్నాం, కాస్త మంచి కాగితం వేయలేరా?

ఈ పాళీ ఇంగ్లీషు రాతకే అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. తెలుగులో సున్నా చుట్టి చూడండి. దిగే వైపు లావు, ఎక్కే వైపు సన్నం దానంతట అదే వస్తుంది. గట్టిగా నొక్కక్కర్లేదు, అసలు కొత్తవాళ్ళు పాళీలు పాడుచేసేది అలా నొక్కే.

సంచి మార్చాక పెన్ను నాన్నగారి చేతికిచ్చాను. నొక్కమని గానీ వద్దని గానీ చెప్పలేదు. ఆయన కాగితం కాస్త ఏటవాలుగా పెట్టుకుని, పైన శ్రీ చుట్టి, కింద 'స్వాధీన విక్రయ దస్తావేజు' అని రాశారు. క్రావడి కిందికి దిగినచోట గీత బియ్యపు గింజంత లావైంది. చివరి కొమ్ము దగ్గర మళ్ళీ దారంలా సన్నబడింది. ఆ పెన్ను ఇప్పుడు ఆయన జేబులోనే ఉంది. నేను ఇంకో బ్లాక్‌బర్డ్ కోసం చూస్తున్నాను.