ఇరవై రోజులు, నాలుగు దేశాలు, ఒక కారు

ప్రశ్న: మాది శ్రీకాకుళం. నేను, నా భార్య, తొమ్మిదేళ్ల మా అబ్బాయి, అరవై ఎనిమిదేళ్ల మా అమ్మ కలిసి సొంత కారులో దసరా సెలవులకు బయలుదేరి, ఇరవై రోజుల్లో భూటాన్, నేపాల్, మయన్మార్, థాయిలాండ్ చూసి రావాలనుకుంటున్నాం. అమ్మకు పశుపతినాథుడి దర్శనం కావాలి. అబ్బాయికి మన బండి నంబరు ప్లేటు విదేశపు రోడ్డు మీద చూడాలని ముచ్చట. బండి నడిపేది నేనొక్కడినే. రోజువారీ పథకం వేసి ఇవ్వగలరా?
(ఒక పాఠకుడు, శ్రీకాకుళం)

జవాబు: ముందుగా థాయిలాండ్ సంగతి తేల్చేద్దాం. శ్రీకాకుళం నుంచి సిలిగురి, గువాహటి, ఇంఫాల్ మీదుగా మణిపూర్ సరిహద్దు ఊరైన మోరే చేరడానికే 2,300 కిలోమీటర్లు దాటుతాయి. అక్కడి నుంచి మయన్మార్ గుండా థాయిలాండ్‌లోని మేసోట్ వరకు అనుకున్న త్రైపాక్షిక రహదారి సుమారు 1,360 కిలోమీటర్లు, మేసోట్ నుంచి బ్యాంకాక్ మరో అయిదు వందలకు కాస్త తక్కువ. అంటే ఒక వైపే 4,100 కిలోమీటర్ల పైమాట. రోజుకు 350 చొప్పున ఒక్క రోజూ ఆగకుండా నడిపినా పన్నెండు రోజులు పడుతుంది, తిరుగు ప్రయాణంతో ఇరవై నాలుగు. మీ దగ్గర ఉన్నవి ఇరవై. ఇది రోడ్లన్నీ తెరిచి ఉన్నప్పటి లెక్క. 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం చేజిక్కించుకున్నప్పటి నుంచి మయన్మార్‌లో అంతర్యుద్ధం సాగుతోంది, మణిపూర్‌లో 2023 మే నుంచి ఘర్షణలు చూస్తూనే ఉన్నాం. పిల్లవాడినీ పెద్దావిడనూ వెంటబెట్టుకుని వెళ్లే దారి అది కాదు. థాయిలాండ్‌ను మరో ఏడాది విమానంలో చూడండి.

ఇక మిగిలినవి భూటాన్, నేపాల్. ఈ రెండూ మన ఉత్తరాంధ్ర నుంచి కారులో వెళ్లగలిగినవే కానీ, పథకం వేసేటప్పుడు మనవాళ్లు సాధారణంగా చేసే పొరపాటు ఒకటుంది. జాతీయ రహదారి మీద ఇచ్ఛాపురం దాటాక బండి సాగే వేగాన్ని చూసి, ప్రయాణమంతా అదే వేగంతో సాగుతుందని లెక్క కడతారు. మన పదహారో నంబరు రహదారి మీద గంటకు అరవై కిలోమీటర్ల సగటు సాధ్యమే. ఉత్తర బెంగాల్‌లో అది నలభైకి పడిపోతుంది, భూటాన్ ఘాట్ రోడ్డు మీద ముప్పై వస్తే సంతోషించాలి. ఫుంట్‌షోలింగ్ నుంచి థింపూ నూట యాభై పైచిలుకు కిలోమీటర్లే అయినా అయిదారు గంటల ప్రయాణం. అందుకని దూరాన్ని గంటల్లోకి మార్చి చూసుకోండి, మీరొక్కరే నడిపేవారు కనుక రోజుకు ఎనిమిది గంటలకు మించనివ్వకండి. సరిహద్దు దాటే రోజును పూర్తిగా దానికే వదిలేసి, ఆ రోజు చూడవలసిన వాటి జాబితాలో ఏదీ రాసుకోకపోవడమే తెలివైన పని.

దసరాకు బయలుదేరవద్దని నా సలహా. అక్టోబరు మొదటి పక్షం మన తీరానికి ఎలాంటిదో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర, హుద్‌హుద్ సరిగ్గా ఏడాదికి అదే తేదీన విశాఖ దగ్గర, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటాయి. మీరు మొదటి రోజు వెళ్లవలసిన దారి ఆ తీరం వెంబడే ఉంది. అది తప్పించుకున్నా దసరా రోజుల్లో బెంగాల్ ఊళ్లలో దుర్గాపూజ పందిళ్లు, నేపాల్‌లో దశైఁ పండుగ రద్దీ ఎదురవుతాయి. దశైఁకి కాఠ్‌మండూలో ఉన్నవాళ్లంతా సొంత ఊళ్లకు మళ్లుతారు కనుక బస్సుల్లో, విమానాల్లో సీటు దొరకడం కష్టం. దీపావళి వెళ్లాక నవంబరు మూడో వారంలో బయలుదేరితే ఆకాశం తేటగా ఉంటుంది, కొండలు కనబడతాయి. అబ్బాయి బడికి సెలవు పెట్టించక తప్పదు. ఇరవై రోజుల ప్రయాణానికి దసరా సెలవులు ఎలాగూ చాలవు.

ఇప్పుడు పథకం. దీని కీలకమంతా సిలిగురిలో ఉంది. ఆ ఊరి నుంచి నేపాల్ సరిహద్దు ముప్పై పైచిలుకు కిలోమీటర్లు, భూటాన్ సరిహద్దు నూట యాభై పైచిలుకు. కారును ఆ రెండు సరిహద్దుల దాకా తీసుకెళ్లండి, రాజధానుల దాకా తీసుకెళ్లాలన్న పట్టుదల మాత్రం వదిలిపెట్టండి. అలా చేస్తేనే రెండు దేశాలూ ఇరవై రోజుల్లో ఇముడుతాయి. కారులోనే కాఠ్‌మండూ, పోఖరా, లుంబిని చుట్టి సునౌలీ, గోరఖ్‌పూర్, కాశీ, రాంచీ, సంబల్‌పూర్ మీదుగా తిరిగి వద్దామని నేను లెక్క వేసి చూశాను. ఒక్క నేపాలే పంతొమ్మిది రోజులు తినేసింది. అది మంచి ప్రయాణమే, అయితే అందులో భూటాన్‌కు చోటు లేదు.

మీ అమ్మగారు అరసవిల్లి స్వామికి దండం పెట్టుకుని ఆదివారమే కదలాలంటే కాదనకండి, ఈ పథకానికి ఆ రోజే అచ్చంగా కలిసొస్తుంది. ఆదివారం తెల్లవారుజామున బయలుదేరి భువనేశ్వర్, కటక్ దాటి భద్రక్‌లో ఆగండి. ఇది 450 కిలోమీటర్లకు పైనే అయినా మొత్తం ప్రయాణంలో అన్నిటికన్నా మంచి రోడ్డు ఇదే. సోమవారం బాలాసోర్, ఖరగ్‌పూర్ మీదుగా, కోల్‌కతా నగరంలోకి వెళ్లకుండా డాన్‌కుని దగ్గర పక్కకు తిరిగి బర్ధమాన్ చేరుకోండి. మంగళవారం మాల్దా. దూరం చూస్తే మూడు వందల కిలోమీటర్లు కూడా లేవు, అయినా ఆ రోజును తేలిగ్గా తీసుకోకండి. గంగ మీద రెండు కిలోమీటర్లకు పైగా పొడవున్న ఫరక్కా బ్యారేజి వంతెన దగ్గర లారీల వరుస ఎప్పుడు కదులుతుందో ఎవరూ చెప్పలేరు. ఒకసారి నేను అక్కడ మూడున్నర గంటలు కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న జంతికలన్నీ ముందు వెనక బళ్లవాళ్లతో పంచుకుని ఖాళీ చేశాను. బుధవారం సాయంత్రానికి సిలిగురి.

గురువారం తేయాకు తోటల మధ్యగా, మాల్‌బజార్, బీర్‌పాడా, హాసీమారా మీదుగా జైగావ్. రోడ్డుకు ఇవతల మన జైగావ్, గేటుకు అవతల భూటాన్ వారి ఫుంట్‌షోలింగ్. కారును జైగావ్‌లో హోటలువారి ఆవరణలో పెట్టేసి, శుక్రవారం ఉదయం అనుమతులు తీసుకుని భూటాన్ టాక్సీలో కొండెక్కండి. శని, ఆదివారాలు అక్కడ ప్రభుత్వ కార్యాలయాలకు సెలవు కాబట్టి శుక్రవారం చేరడం ముఖ్యం. వారి గడియారం మనకంటే అరగంట ముందుంటుందన్నదీ గుర్తుంచుకోండి. కారును ఎందుకు వదలమంటున్నానంటే, భూటాన్ 2022 సెప్టెంబరు నుంచి భారతీయుల దగ్గర మనిషికి రాత్రికి 1,200 రూపాయల సుస్థిర అభివృద్ధి రుసుము వసూలు చేస్తోంది. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు అందులో సగం. మీ నలుగురికి రాత్రికి 4,200, నాలుగు రాత్రులకు 16,800 రూపాయలు. మన బండిని లోపలికి తీసుకెళితే దానికి వేరే రోజువారీ రుసుము ఉంది, అది మనిషి రుసుము కంటే బాగా ఎక్కువ. అలవాటు లేని ఘాట్ రోడ్డు మీద స్టీరింగు పట్టుకుని, లోయలన్నీ మీరు తప్ప మిగతావాళ్లు చూస్తుంటే, దానికి అదనంగా డబ్బు కట్టడం ఎందుకు?

శనివారం థింపూలో గడపండి. వారాంతపు సంత ఉండే రోజు. ఆదివారం డోచులా కనుమ దాకా వెళ్లి వచ్చి పారో చేరండి. డోచులా ఎత్తు 3,100 మీటర్ల వరకు ఉంటుంది, అమ్మగారు మెల్లగా నడవాలి, మెట్లు తొందరపడి ఎక్కకూడదు. సోమవారం మీరూ అబ్బాయీ తక్త్‌సాంగ్ మఠానికి కొండెక్కుతుంటే, అత్తాకోడళ్లు పారో లోయలో నది ఒడ్డున హాయిగా కూర్చోవచ్చు. మంగళవారం కొండ దిగి జైగావ్, బుధవారం సిలిగురి. బుధవారం మధ్యాహ్నం నుంచి బట్టలు ఉతికించుకోవడం, బండికి గాలీ నూనె చూపించడం, నిద్ర తప్ప మరో పని పెట్టుకోకండి.

గురువారం అబ్బాయి ముచ్చట తీరుతుంది. పానీటంకీ దగ్గర మేచీ నది వంతెన దాటి మీ కారులోనే నేపాల్‌లోని కాకర్‌భిట్టాలో అడుగుపెడతారు. అక్కడ భన్సార్ అనే సుంకపు కార్యాలయంలో బండిని ఉంచే రోజుల లెక్కన రుసుము కట్టి చీటీ తీసుకోవాలి. మీకు కావలసినవి నాలుగు రోజులు, అయిదు రోజులకు కట్టండి. గడువు మీరితే కట్టవలసిన జరిమానాతో పోలిస్తే ఒక రోజు రుసుము ఏపాటిది? ఆ రాత్రి భద్రపూర్‌లో ఉండి, బండిని హోటల్లో పెట్టి, శుక్రవారం ఉదయం విమానంలో కాఠ్‌మండూ వెళ్లండి. రోడ్డు మీద రెండు రోజులు పట్టే దూరం గంట లోపు ముగుస్తుంది. వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ సీట్లు అడగండి, ఆకాశం తేటగా ఉంటే ఎవరెస్టుతో సహా హిమాలయాల వరుస అటువైపే కనిపిస్తుంది. సాయంత్రానికి పశుపతినాథుడి సన్నిధిలో, బాగ్మతి ఒడ్డున హారతి వేళకు ఉంటారు. అక్కడి ప్రధాన అర్చకులు కర్ణాటక ప్రాంతం నుంచి వెళ్లిన భట్టులన్న సంగతి అమ్మగారికి చెప్పండి, దక్షిణాదివారి పూజ అని ఆవిడ సంబరపడతారు. శనివారం బౌద్ధనాథ్, భక్తపూర్. ఆదివారం విమానంలో భద్రపూర్ వచ్చి, కారు తీసుకుని రాత్రికి సిలిగురి. సోమవారం మాల్దా, మంగళవారం బర్ధమాన్, బుధవారం భద్రక్, గురువారం రాత్రికి ఇల్లు. పంతొమ్మిది రోజులు. ఇరవయ్యో రోజును ఫరక్కా లారీలకో, భద్రపూర్ పొగమంచుకో అప్పగించి ఉంచండి.

ప్రశ్న: నేపాల్‌కు కారు తీసుకెళ్లాలంటే లక్షల్లో పూచీ చూపించి కార్నే పత్రం తీసుకోవాలని ఒక ట్రావెల్ ఏజెంటు చెబుతున్నాడు. నిజమేనా? మా కారు మామగారి పేరున ఉంది, బ్యాంకు రుణం ఇంకా తీరలేదు.
(ఒక పాఠకురాలు, బొబ్బిలి)

జవాబు: నేపాల్‌కు, భూటాన్‌కు భారతీయ వాహనాలకు కార్నే అవసరం లేదమ్మా. బండిని మరో దేశంలో అమ్ముకోకుండా తిరిగి తెస్తామన్న హామీపత్రం అది. మన దేశంలో ముంబయిలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ దాన్ని ఇస్తుంది. దూర దేశాల మీదుగా యూరప్ దాకా నడపాలనుకునేవారికి దానితో పని. నేపాల్‌కు పైన చెప్పిన భన్సార్ చీటీ, దానితోపాటు రవాణా శాఖ అనుమతి చాలు. మన ప్రైవేటు కారును ఏడాదిలో మొత్తం ముప్పై రోజులకు మించి అక్కడ ఉంచనివ్వరు.

మీరు నిజంగా పట్టించుకోవలసింది బీమా గురించి. మన మోటారు పాలసీ భారతదేశం వరకే పనిచేస్తుంది. దాన్ని నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్ వంటి పొరుగు దేశాలకు విస్తరింపజేసే అనుబంధం ఒకటుంది, కొద్దిపాటి అదనపు ప్రీమియం కట్టి బయలుదేరే ముందే పాలసీ మీద రాయించుకోవాలి. ఈ సంగతి ఏజెంట్లు తమంతట తాముగా చెప్పడం నేను చూడలేదు, మీరే అడగండి. బండి మీ పేరున లేదు కనుక ఈ ప్రయాణానికి మీకు అప్పగిస్తున్నట్టు మామగారి చేత నోటరీ పత్రం రాయించండి. బ్యాంకు నుంచి అభ్యంతరం లేదన్న లేఖ కూడా తీసుకోండి. ఆర్‌సీ, లైసెన్సు, కాలుష్య ధ్రువపత్రం అసలు ప్రతులే ఉండాలి, ఫోనులో చూపించడం సరిహద్దు అవతల చెల్లదు.

మనుషుల గుర్తింపుకు పాస్‌పోర్టు గానీ, ఓటరు కార్డు గానీ ఉండాలి. ఆధార్‌తో సరిపోతుందనుకుని సరిహద్దు దాకా వెళ్లి వెనక్కి వచ్చినవారు మన జిల్లాల్లోనే ఉన్నారు. నేపాల్‌కు రోడ్డు మార్గాన వెళ్లే అరవై అయిదేళ్లు దాటినవారికీ, పదిహేనేళ్ల లోపు పిల్లలకూ మాత్రమే ఆధార్ వంటి ఇతర ఫోటో కార్డులు పనికొస్తాయి. భూటాన్‌లో పెద్దలకు ఆ సడలింపు లేదు, పిల్లలకు జనన ధ్రువపత్రం చూపవచ్చు. శ్రీకాకుళం పాఠకుడికి కూడా ఇదే వర్తిస్తుంది, వాళ్ల అమ్మగారి ఓటరు కార్డు ఎక్కడుందో ఇప్పుడే వెతికి పెట్టుకోవాలి.

ప్రశ్న: రెండు దేశాలకూ వేరువేరుగా డబ్బు మార్చుకోవాలా?
(ఒక విశ్రాంత ఉద్యోగి, రాజాం)

జవాబు: భూటాన్ ఙుల్‌ట్రమ్ విలువ మన రూపాయితో సమానం, మన నోట్లు అక్కడ చెల్లుతాయి. నేపాల్‌లో మన వందకు వారి రూపాయలు 160, ఈ మారకం 1993 నుంచి మారలేదు. నేపాల్‌కు వంద నోట్ల కట్టలు తీసుకెళ్లండి, పెద్ద నోట్లతో దుకాణాల దగ్గర ఇబ్బంది పడకుండా ఉంటారు. భూటాన్‌లో చిల్లరగా ఇచ్చిన ఙుల్‌ట్రమ్ నోట్లు మిగిలితే జైగావ్‌లోనే ఖర్చు పెట్టేయండి, సిలిగురి వచ్చాక వాటిని ఎవరూ తీసుకోరు.